తొందరగా నిండే బ్యాటరీ

నెలకు రెండుసార్లు కరీంనగర్ వెళ్లి రావడం మా ఇంట్లో పెళ్లి ప్రయాణమంత పని. మా ఆయన బొగ్గుగనిలో ఫిట్టర్‌గా ముప్ఫై మూడేళ్లు చేసి రిటైరయ్యాడు. ఊపిరితిత్తులు ఆయనకంటే ముందే రిటైరయ్యాయి. ముక్కుకు సన్నటి గొట్టం, భుజానికి సంచిలో చిన్న ఆక్సిజన్ మిషను, ఇదీ ఇప్పటి ఆయన వేషం. నేను సర్కారు దవాఖానలో నర్సును. ఎందరి వేళ్లకో ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టాను గానీ, ఇంటి మనిషి వేలికి పెట్టి ఆ అంకె కోసం ఎదురుచూడటం వేరే సంగతి. తొంభై రెండు చూపిస్తే అన్నం సయిస్తుంది. ఎనభై ఎనిమిది చూపిస్తే పొయ్యి మీద కూర మాడినా వాసన తెలియదు.

మేముండేది లక్సెట్టిపేటలో. ఛాతీ డాక్టరు ఉండేది కరీంనగర్‌లో. దగ్గేవాళ్ల మధ్య కూర్చోబెట్టవద్దని డాక్టరే చెప్పాడు కాబట్టి, మా నంబరు వచ్చేదాకా బయట కారులోనే కూర్చునేవాళ్లం. మాది పాత చిన్న కారు. నడిపేది నేనే. మొన్న ఎండాకాలంలో ఒకరోజు ఇంజన్ ఆపితే లోపల కూర్చోలేకపోతున్నాం. ఏసీ కోసం ఇంజన్ వేస్తే, వెనకాలే ప్రహరీ గోడ, పొగ మళ్లీ మా దగ్గరికే వస్తోంది. వేయడం, ఆపడం, మళ్లీ వేయడం. వాచ్‌మన్ వచ్చి, "మేడం, పొగంత పక్క బండ్లోల్లకు వోతుంది, జర బంద్ చెయ్యిండ్రి," అన్నాడు. బంద్ చేశాను. పావుగంటలో ఆయన పెదాలు నీలంగా మారాయి. క్లిప్పులో ఎనభై రెండు. ముప్ఫై ఏళ్ల సర్వీసున్న నర్సును, నాకు మిషను మీట ఎక్కడుందో కనబడలేదు. లోపలికి తీసుకెళ్లి పెద్ద సిలిండర్ పెడితే తేరుకున్నాడు. ఆ కారులో మళ్లీ ఆయన్ను ఎక్కించనని ఆ సాయంత్రమే అనుకున్నాను.

హైబ్రిడ్ సంగతి చెప్పింది మా మిషన్ చర్చి పెద్ద ఒకాయన. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఇంట్లో అన్నం చల్లారిపోతుంది, కానీ కారు గురించి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఆ బండిలో పెట్రోల్ ఇంజన్‌తో పాటు పెద్ద బ్యాటరీ ఒకటి ఉంటుంది. నిలబెట్టిన చోట ఏసీ బ్యాటరీ మీదే నడుస్తుంది. ఇంజన్ ఎప్పుడో ఒకసారి లేచి, నాలుగు నిమిషాలు బ్యాటరీ నింపి, మళ్లీ పడుకుంటుంది. పొగ తక్కువ, చప్పుడు తక్కువ, గోడకు ప్లగ్గు పెట్టే పని లేదు. వింటుంటే మా ఆయన కోసమే చేసినట్టు అనిపించింది.

కొత్తది మాకు అందదు. పాతది కొందామంటే అందరూ ఒకటే మాట: "బ్యాటరీ వోయిందంటె బండి వోయినట్టే." అది నిజమే. ట్యాంకు నిండా పెట్రోల్ ఉన్నా సరే, ఆ పెద్ద బ్యాటరీ మొరాయిస్తే బండి కదలదు. నాకు కళ్లు మూస్తే అదే కనబడేది: గోదావరి బ్రిడ్జి దాటాక ఎక్కడో నడి ఎండలో బండి ఆగిపోయింది, ఏసీ లేదు, మిషనులో మూడు గంటల ఛార్జింగే ఉంది, పక్కన ఈయన. ఇంజన్ ఎలా ఉందో చెవితో వినొచ్చు, టైర్లు కంటితో చూడొచ్చు. సీటు కింద మూసిపెట్టిన బ్యాటరీ ఇంకెన్నాళ్లు బతుకుతుందో ఎలా చూడాలి? అడిగితే చెప్పేవాళ్లు లేరు. చెప్పేవాళ్లందరూ అమ్మేవాళ్లే.

చివరికి చర్చి పెద్దే ఒక కబురు తెచ్చాడు. జగిత్యాల పక్క ఊళ్లో దుబాయ్‌లో పనిచేసే ఒకతని కారు ఉందట. "ఆరేండ్లల్ల పదకొండు వేల కిలోమీటర్లే తిరిగిందమ్మా. తిరగని బండి. గసొంటిది మళ్ల దొరకదు," అన్నాడు. మా దిక్కు పాత బండి కొనేటప్పుడు అందరూ మొదట చూసేది ఆ అంకే. తక్కువ తిరిగిందంటే బంగారం. అంకెలకు అలవాటు పడ్డదాన్ని, నేనూ ఆ అంకెకే పడ్డాను.

మరుసటి ఆదివారం చర్చి అయ్యాక నేనూ మా ఆయనా వెళ్లాం. రేకుల షెడ్డులో గుడ్డ కవరు, దాని మీద పాత దుప్పట్లు కప్పి, కారును బాలింతలా దాచారు. దుబాయ్ అతని తండ్రి డెబ్బై దాటిన రైతు. ఒక్కొక్క దుప్పటి తీసి మడతపెడుతుంటే మా ఆయన కళ్లు పెద్దవయ్యాయి. లోపల సీట్ల మీద కంపెనీ ప్లాస్టిక్ కవర్లు ఇంకా అలాగే ఉన్నాయి. వెనక సీటు పాడుకాకుండా దాని మీద ఒక మందపాటి దుప్పటి, రెండు పక్కలా అంచుల దాకా మూసేసి. స్టీరింగ్ మీద వేములవాడ రాజన్న దగ్గర పెట్టించిన పసుపు బొట్టు మరక.

"మా ఎడ్లను గూడ గింత మంచిగ సూడలే బిడ్డా," అన్నాడు ఆ పెద్దాయన. "మా పిలగాడు పొయ్యేటప్పుడు ఒక్కటే మాట చెప్పిండు, బాపూ, బండిని ఉత్తగ ఉంచకు, వారానికొక్కసారి స్టార్ట్ చెయ్యి అని. ఒక్క వారం గూడ తప్పలే. వాడు ఫోన్ జేసే టయానికి నేను, మా ముసల్ది గీ బండ్లనే వచ్చి కూసుంటం. ఏసీ ఏసుకోని గంట సేపు మాట్లాడుతం. వాడు ఫోన్ల బండిని సూస్తడు, మేం వాన్ని సూస్తం."

"మరి ఎందుకు అమ్ముతుండ్రు?" అన్నాను. నా గొంతు పోలీసు గొంతులా ఉందని నాకే తెలిసింది.

"పెండ్లాం పిల్లలను గూడ తోల్కపోయిండు. ఇగ గిది ఎవ్వలు ఎక్కాలె?"

మా ఆయన ముందు సీట్లో కూర్చుని బటన్ నొక్కమన్నాడు. తెర వెలిగింది. చల్లగాలి వచ్చింది. చప్పుడు మాత్రం లేదు. ముప్ఫై మూడేళ్లు మిషన్ల రొదలో బతికిన మనిషి, తల వెనక్కి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "గిదే తీస్కుందాం," అన్నాడు. ఆయనకు నచ్చిందంటే నాకు అనుమానం మొదలవుతుంది. ఆయన ఏరికోరి ఇంటికి తెచ్చినవాటిలో చివరిదాకా పనిచేసింది నేనొక్కదాన్నే. మా తమ్ముడు చూసేదాకా బయానా పైసలు ఇచ్చేది లేదన్నాను.

మా తమ్ముడు ఆదిలాబాద్‌లో మెకానిక్. హైదరాబాద్‌లో కొన్నేళ్లు హైబ్రిడ్ బండ్ల మీద పనిచేసి వచ్చాడు. ఫోన్‌లో వాడొక్కటే చెప్పాడు: "అక్కా, ఊళ్లె తిప్పితె తెల్వది. నిర్మల్ దాటినంక ఘాట్ ఉంటది గద, గా దారిల తీస్కరా. ఎక్కుడుల ఎట్ల జేస్తదో, దిగుడుల ఎట్ల జేస్తదో తెర మీద బ్యాటరీ గీతలు సూస్కుంట రా." బండిని పరాయివాళ్ల చేతికిచ్చి పంపడం పెద్దాయనకు ఇష్టం లేదు. తానూ వస్తానన్నాడు. మా ఆయన్ను ఇంట్లో ఉండమన్నాను. "దాంట్ల కూసునేటోన్ని నేను. నేను సూడకుంట ఎట్ల?" అన్నాడు. మిషనుతో పాటు చిన్న సిలిండర్ ఒకటి ఆయన కాళ్ల దగ్గర పెట్టి బయల్దేరాం. పెద్దాయన వెనక సీట్లో దుప్పటి మీద జాగ్రత్తగా, పెళ్లివారింటికి వెళ్లినట్టు కూర్చున్నాడు.

తెర మీద చిన్న బ్యాటరీ బొమ్మ, అందులో ఎనిమిది గీతలు. నిర్మల్ దాకా అయిదారు గీతలతో హాయిగానే వచ్చాం. ఘాట్ ఎక్కడం మొదలైంది. అయిదు. ఇంకో మలుపు, నాలుగు. మూడు. ఇంజన్ ఒక్కసారిగా పెద్దగా అరవడం మొదలుపెట్టింది. రెండు. ఒక కన్ను దారి మీద, ఒక కన్ను గీతల మీద, మూడోదుంటే ఆయన వేలి మీద పెట్టేదాన్ని. వెనక లారీ హారన్ కొడుతోంది. పక్కన ఆగడానికి జాగా లేదు. ఇక్కడ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, సిగ్నల్ ఉందా, చిన్న సిలిండర్ ఎంతసేపు వస్తుంది అని మనసులో లెక్క వేస్తూనే ఉన్నాను. "ఏమే, జర మెల్లగ పోరాదు," అన్నాడు ఈయన. మెల్లగా పోతే ఆగిపోతుందేమోనని నా భయం. నోరు మూసుకొమ్మన్నాను. వెనక సీట్లో పెద్దాయన కూడా నోరు మూసుకున్నాడు.

పైకి ఎక్కేశాం. తర్వాత దిగుడు వచ్చింది. ఇలాంటి బండి బ్రేకు తొక్కినప్పుడల్లా బ్యాటరీ నింపుకుంటుంది. కాలు పెట్టగానే గీతలు లేవడం మొదలైంది. మూడు, నాలుగు, అయిదు. రెండు మలుపులు తిరిగేసరికి ఎనిమిదికి ఎనిమిది నిండాయి.

"సూసినవా, కన్ను మూసి తెరిసేలోపట నిండింది," అన్నాడు మా ఆయన. "నువ్వు ఉత్తగనే పరేషాన్ అయితవ్."

"నేను జెప్పలేదా సారూ, తిరగని బండి," అన్నాడు వెనక నుంచి పెద్దాయన.

నేనూ నమ్మాను. అబద్ధం ఎందుకు, నాకు ఏడుపొచ్చేంత సంతోషమైంది. అంత తొందరగా నిండిందంటే ఎంత గట్టి బ్యాటరీయో అనుకున్నాను. రోడ్డు పక్క హోటల్ దగ్గర ఆపి ముగ్గురికీ చాయ్ చెప్పాను. ఆయన వేలికి క్లిప్పు పెడితే తొంభై మూడు. బండిలో ఏసీ వేసే ఉంది, పొగ లేదు. ఇక తమ్ముడు చూసేదేముంది, బయానా ఇక్కడే ఇచ్చేద్దామా అని కూడా అనిపించింది. సంచిలో చెయ్యి పెట్టి మళ్లీ వెనక్కి తీసుకున్నాను. ఆదిలాబాద్ గంట దూరమే కదా అని.

తమ్ముడి షెడ్డులో దిగగానే, దవాఖానలో డాక్టరుకు రోగి సంగతి ఒప్పజెప్పినట్టు మొత్తం చెప్పాను. ఎక్కుడులో రెండు గీతలకు పడిపోయిందని కాస్త మెల్లగా, దిగుడులో నిండిపోయిందని గట్టిగా.

"ఎంత సేపట్ల నిండింది అక్కా?"

"రెండే మలుపులల్ల."

వాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వాడు మాట్లాడకుండా తిరిగితే మంచి కబురు కాదని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

"గంత తొందరగ నిండొద్దక్కా," అన్నాడు. "బిందె నిండాల్నంటె సేపు పడ్తది. చెంబు నల్లా కింద పెట్టంగనే నిండుతది. మీరు నిండిందని సంబరపడ్డరు. నిండింది చెంబు. అందుకే ఎక్కుడుల అంత జల్ది ఒడిసిపోయింది."

నాకు మొదట సిగ్గేసింది. తొందరగా నిండటం బలం కాదని నాకు తెలిసి ఉండాల్సింది. నా ఇంట్లో ఉన్న మనిషి ఊపిరి అలాంటిదే. పైపైన పీల్చి పైపైన వదిలేస్తాడు, నాలుగు మెట్లెక్కితే అయిపోతుంది. రోజూ పక్కన కూర్చుని లెక్కపెట్టేదాన్ని, బండి అదే చేస్తుంటే చాయ్ తాగి పండుగ చేసుకున్నాను.

తమ్ముడు స్టీరింగ్ కింద చిన్న డబ్బీ ఒకటి తగిలించి ఫోన్ తెరిచాడు. బ్యాటరీ లోపల ఒకదాని పక్కన ఒకటి ముక్కలు ఉంటాయట, ఒక్కొక్కదాని బలం ఒక్కొక్క అంకెగా కనబడింది. ఏసీ పెద్దగా పెట్టి ఉంచితే అన్నీ కలిసి దిగాలి. నాలుగు మాత్రం గబగబా కిందికి జారిపోయాయి. తర్వాత వాడు వెనక సీటు దగ్గర దుప్పటి లాగాడు. దాని కింద, సీటు పక్కన, చేతి వెడల్పు జాలీ ఉంది. బ్యాటరీ వేడెక్కకుండా గాలి వెళ్లే దారి అది. జాలీ నిండా దుమ్ము, దుప్పటి నూలు.

"కాకా, బండి ఎట్ల స్టార్ట్ జేస్తుంటివి? ఒకసారి చేసి సూపియ్యి."

పెద్దాయన గర్వంగా ముందు సీట్లో కూర్చున్నాడు. బ్రేకు తొక్కి బటన్ నొక్కాడు. వెంటనే గేరు న్యూట్రల్‌కు తెచ్చి, హ్యాండ్ బ్రేకు గుంజి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. "గింతే. గిట్ల పెట్టి ఏసీ ఏస్తం."

"ఎప్పటికి న్యూట్రలేనా?"

"మరి? నలబై ఏండ్లు ట్రాక్టర్ నడిపిన. న్యూట్రల్ల లేని బండిని నమ్మొద్దు. మా పక్కూళ్లె ఒగలు గేర్ల ఉంచి స్టార్ట్ జేసి గోడ మీదికి పోయిండ్రు."

తమ్ముడు మెల్లగా చెప్పాడు. ఈ బండి నిలబడ్డప్పుడు గేరు పార్కింగ్‌లో ఉంటేనే ఇంజన్ లేచి బ్యాటరీ నింపుతుంది. న్యూట్రల్‌లో ఉంచి ఏసీ వేస్తే ఉన్నది తాగడమే తప్ప నింపేది ఉండదు. ఆరేళ్లు, వారం వారం, గంట గంట, కొడుకుతో మాట్లాడిన ప్రతిసారీ ఆ బ్యాటరీ అడుగంటిపోయింది. ఎప్పుడైనా ఊరి దాకా తిప్పితే కాస్త నిండేది, మళ్లీ వారం దాకా దుప్పట్ల కింద అలాగే ఉండేది. రోజూ తిరిగిన టాక్సీ అయినా దీనికంటే బాగుండేది.

పెద్దాయన దిగి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. "అంటె నేనే సంపిన్నా దీన్ని?"

నాకు చాలా కోపం రావాలి. మమ్మల్ని ఘాట్ దాకా తెచ్చింది ఆ బండే. అక్కడ ఆగిపోయుంటే? నోట్లో మాట తయారుగా ఉంది కూడా. కానీ ఆ ముఖం చూసి మింగేశాను. మా ఆయనే అన్నాడు, "లే, పెద్దమనిషీ. నిలవడ్డ బండ్లకు గిట్లనే అయితది. నేను ఫిట్టర్‌ను, నాకెర్క. నీ తప్పేం లే." ఆయన అబద్ధాలకు నేను చాలాసార్లు తిట్టాను. ఈ ఒక్కదానికి మనసులో దండం పెట్టాను.

"ఇగ గీ బండి వద్దా మరి?" అన్నాను తమ్ముడితో.

"వద్దని ఎందుకంటనక్కా. ఇంజన్, బాడీ, అన్ని కొత్తయే. బ్యాటరీ ఒక్కటే పాయె. కాకా ధర తగ్గిస్తె మంచి బండే."

"మీరెట్లంటె గట్ల," అన్నాడు పెద్దాయన. "మా పిలగానికి నేను జెప్పుకుంట. బండి మీదే అనుకోండ్రి. నడిసే బండిగ సూస్తె సాలు నాకు."

"రెండు తీర్లు ఉన్నయి," అన్నాడు తమ్ముడు. "ఒడిసిపోయిన నాలుగు ముక్కలు తీసి వేరేయి ఏస్తె రెండేండ్లు నడుస్తది. మూడు నడిస్తె అదృష్టం. లేదంటె మొత్తం కొత్త బ్యాటరీ. గది ఎనిమిదేండ్లకు ఫికర్ లేదు. ఖర్చు మాత్రం బాగనే పడ్తది."

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అన్నాడు, "రెండేండ్లది ఏసెయ్ బామ్మర్దీ. నాకు గది సాలు."

అన్నం చాలు అన్నట్టు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. షెడ్డులో పనివాళ్లు ఎక్కడో ఇనుము కొడుతున్నారు. తమ్ముడు ఫోన్ వైపు చూస్తున్నాడు. పెద్దాయన నేల చూస్తున్నాడు. ఆ మాట అందరికీ అర్థమైంది. నాకూ అర్థమైంది, ఎందుకంటే ఎనిమిదేళ్లు అని తమ్ముడు అన్న క్షణంలో నేనూ అదే లెక్క వేశాను. నర్సును కదా. ఆ లెక్క వేసినందుకు నా మీద నాకు కలిగిన అసహ్యం అంతా కోపమై ఆయన మీద పడింది.

"ఎవల్లను అడిగి చెప్తున్నవ్?" అన్నాను. "బండి నడిపేది నేను. నువ్వు పక్కన కూసునేటోనివి. ఎనిమిదేండ్లదే ఏస్తరు. ఎనిమిదేండ్లు నువ్వు గా సీట్ల కూసోని, మెల్లగ పో, మెల్లగ పో అని నా పానం తియ్యాలె. నడుమల దిగిపోత అంటె ఊకోను, చెప్తున్న."

"పైసలు దండుగనే," అన్నాడు, గొంతు తగ్గించి.

"దండుగనో కాదో ఎనిమిదేండ్లయినంక నువ్వే చెప్పు."

నేను వెళ్లి పక్కనున్న టైరు మీద కూర్చున్నాను. పెద్దాయన నీళ్ల సీసా తెచ్చి నా చేతికిచ్చాడు. తమ్ముడు ఎవరికో ఫోన్ చేసి కొత్త బ్యాటరీ ఆర్డర్ చెప్పి, గ్యారంటీ కాగితం ఒకటి తీసుకొచ్చాడు. ఎవరి పేరు రాయాలని నన్నడిగాడు. "మీ బావది," అన్నాను.

కాగితం కారు బానెట్ మీద పెట్టారు. తమ్ముడు పెన్ను ఇస్తే ఈయన లేచి నిలబడి, మిషను గొట్టం భుజం వెనక్కి తోసుకున్నాడు. పొట్టి సంతకం పెట్టే మనిషి, ఆ రోజు ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాయడం మొదలుపెట్టాడు. సగంలో ఆయాసం వచ్చి పెన్ను ఆపాడు. ఎవ్వరం తొందర చేయలేదు. ఊపిరి కుదిరాక మిగతా సగం రాశాడు.